సంతకం లేని లారీ

ఫిబ్రవరి 3

అత్తయ్యకి,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను గొంతు చించుకుంటాను, పక్కింటివాళ్లు మనం పోట్లాడుకుంటున్నామనుకుంటారు. అందుకే ఉత్తరం. హారన్లు పరీక్షించీ పరీక్షించీ చెవులు పోగొట్టుకున్నావు గానీ, కళ్లు ఇప్పటికీ డేగ కళ్లేనని నాన్న అంటూ ఉంటాడు. నా రాత కోళ్లు కెలికినట్టున్నా నువ్వు చదువుకోగలవు.

ముందు శుభవార్త. మూతపడిన మీ లారీల ఫ్యాక్టరీలో రంగుల షెడ్డును మునిసిపాలిటీ మ్యూజియం చేస్తోంది. దాన్ని చూసుకునే ఉద్యోగం ఎవరిదో తెలుసా? నాదే! బడిలో చరిత్ర పాఠాలు చెప్పుకునేదాన్ని, ఇప్పుడు నట్లూ బోల్టుల మధ్య తిరుగుతున్నాను. గోడలకి ఇంకా మీ కాలం నాటి రంగు మరకలున్నాయి. సున్నం వేయిద్దామన్నారు. నేను అడ్డం పడ్డాను.

అసలు సంగతి. మీరంతా కలిసి కట్టిన ఆఖరి లారీ వెనక పెరట్లో టార్పాలిన్ కింద ఇరవై రెండేళ్లుగా అలాగే ఉంది. మిగతావన్నీ అమ్ముడుపోయి, అరిగిపోయి, తుక్కులో కలిసిపోయాయి. ఇది మాత్రం అమ్ముడుపోలేదు, ఎందుకంటే దీనికి ఇన్‌స్పెక్టర్ సంతకం లేదు. ఆ ఇన్‌స్పెక్టర్ నువ్వే! లోపలి అరలో తనిఖీ కార్డు దొరికింది. నీ గుండ్రటి అక్షరాలతో "సరిగా లేదు" అని ఉంది. "ఏ భాగం" అన్న చోట ఖాళీ. సంతకం చోట ఖాళీ.

బస్ డిపో మెకానిక్ రెండు నెలలు తంటాలు పడి ఇంజిన్‌ని బతికించాడు. ఏప్రిల్ 12న ప్రారంభం. ఆ రోజు లారీ తనంతట తాను షెడ్డు దాటి రోడ్డెక్కాలని నా ఆశ. మా కమిషనర్ కాగితం మనిషి. కార్డు చూసి, "పరీక్షించిన మనిషే సరిగా లేదంటే రోడ్డు మీదికి వదలడానికి నేనెవర్నండీ?" అన్నాడు. సంతకం లేకపోతే ఇంజిన్ ఆయిల్ తీసేసి, చుట్టూ తాడు కట్టి, బొమ్మలా నిలబెట్టేస్తారట.

ఏం బాగాలేదో ఒక్క ముక్క రాయి, బాగుచేయిస్తాను. నువ్వొచ్చి చూసి సంతకం పెట్టు. పెట్టాక నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి ఊరంతా తిప్పుతాను.

నీ జవాబు కోసం గేటు దగ్గరే కాచుకుని ఉండే,
వాగుడుకాయ మేనకోడలు


ఫిబ్రవరి 9

అమ్మాయ్,

ఉత్తరం అందింది. రెండు చోట్ల కొట్టివేతలున్నాయి, కవరు మీద స్టాంపు వంకరగా ఉంది. ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. సున్నం వేయనివ్వకపోవడం నువ్వు చేసిన మొదటి తెలివైన పని.

ఉత్తరంతో పాటు నువ్వు పంపిన లారీ ఫొటో భూతద్దం పెట్టి చూశాను. ఎడమవైపు అద్దం వంగి ఉంది. ఎవరు బిగించారో వాళ్ల చేతే విప్పించి మళ్లీ బిగింపించు. వేరేవాళ్ల చేత బిగింపిస్తే మొదటివాడు నేర్చుకోడు.

ఇక్కడంతా బాగానే ఉంది. మా భవనం లిఫ్టు తలుపు మూసుకునేటప్పుడు అరక్షణం తడబడుతోందని సుద్దముక్కతో దానిమీద ఇంటూ మార్కు పెట్టాను. ఇంటి యజమాని నామీద ఒంటికాలి మీద లేచాడు. "ఇది మీ ఫ్యాక్టరీ కాదు" అన్నాడు. మర్నాడు లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఆయనే ఉన్నాడు. ఇప్పుడు ఎదురైతే ఆయనే ముందు నమస్కారం పెడుతున్నాడు.

ఇక ఆ కార్డు. ఎప్పటి మాటో. ఏం రాశానో, ఎందుకు రాశానో ఎవరికి గుర్తుంటుంది? మ్యూజియం అంటే చూడ్డానికి. చూడనీ. తాడు కట్టమను. పిల్లలు ఎక్కి పాడుచేయకుండా ఉంటుంది. నాకు ప్రయాణాలు పడవు.

మీ అత్తయ్య


ఫిబ్రవరి 20

అత్తయ్యా,

నీకా గుర్తులేనిది? నేను మూడో క్లాసులో ఉన్నప్పుడు పోగొట్టిన నీ గొడుగు పిడి రంగు ఇప్పటికీ చెబుతావు! సరే, నువ్వు నీళ్లు నములుతూ ఉండు, నా పని నేను చేసుకుపోతున్నాను.

కార్డుని గాజు పెట్టెలో పెట్టి తలుపు దగ్గరే ఉంచాను, నీ అక్షరాలు పదిమందీ చూడాలని. పాత ఫ్యాక్టరీవాళ్లకి ఎలా తెలిసిందో గానీ మూడో రోజుకే ఒకాయన వచ్చాడు. తెల్ల మీసాలు, చేతిలో తోలు సంచీ. కార్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, ఆ తప్పు నాదే" అన్నాడు.

నువ్వు గుర్తుపట్టి ఉంటావు. తలుపులు బిగించేవాడట. అందరూ తలుపులాయన అనేవారట. ఎడమ తలుపు పిసరంత కిందికి దిగిందని, ఆఖరి రోజు తొందరలో తను గమనించలేదని, "ఇంటూ మేడమ్ కంట పడకుండా పోతుందా?" అనీ అన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆ తలుపు తన గుండె మీదే వేలాడుతోందట. "ఒక్కసారి సరిచేసుకోనివ్వండమ్మా" అంటే కాదనలేకపోయాను. తోలు సంచీలోంచి ఆకురాయి తీసి ఎంత ప్రేమగా పని మొదలుపెట్టాడో!

అంతే కదా అత్తయ్యా? తలుపే కదా? అవునని ఒక్క మాట రాసెయ్యి, ఇద్దరం బతికిపోతాం.

సగం గెలిచిన,
మేనకోడలు


ఫిబ్రవరి 24

అమ్మాయ్,

ఆ కార్డు గాజు పెట్టెలో పెట్టమని నీకెవరు చెప్పారు? వెంటనే తీసేయి.

తలుపు కాదు. ఆ తలుపు ముట్టుకోవద్దని ఆయనకి చెప్పు. నా మాటగా చెప్పు. ఆకురాయి లాక్కో.

ఇంకేమీ రాయలేను, పోస్టు డబ్బా తీసే టైమైంది.

అత్తయ్య


మార్చి 8

అత్తయ్యా,

తలుపు కాదన్నావు, సంతోషం. అంటే తప్పు ఇంకెక్కడో ఉందన్నమాట! నీ ఉత్తరం చూపించి తలుపులాయనకి చెప్పాను. నమ్మితేగా? "మేడమ్ మనసు వెన్న, నా మొహం చూసి అలా రాసింది" అన్నాడు. నీ మనసు వెన్నని ఈ ప్రపంచంలో అన్న మొదటి మనిషి ఆయనే.

ఇంతలో ఇంకో ఇద్దరు తయారయ్యారు. ఒకావిడ సీట్లు కుట్టేదట, సీటక్క. డ్రైవరు సీటు కింద ఒక స్ప్రింగు తను మార్చాల్సింది, మార్చలేదట. "నా సీటుకే ఇంటూ పడింది, నాకు తెలుసు" అని కూర్చున్నపళంగా సీటంతా విప్పేసింది. విప్పడం అయింది గానీ, ఆ రకం స్ప్రింగులు ఇప్పుడెక్కడా దొరకడం లేదు.

రెండో ఆయన గీతల మేస్త్రి. లారీ నడుము చుట్టూ ఉండే సన్నటి తెల్లగీత ఆయన చేత్తో గీసిందేనట. ఊపిరి బిగబట్టి, ఒక మూల నుంచి ఇంకో మూల దాకా, మధ్యలో కుంచె ఎత్తకుండా. గీత క్యాబిన్ మీంచి ఎడమ తలుపు మీదికి వెళ్లే చోట వెంట్రుకవాసి తేడా ఉందని, ఆ తప్పు తనదేనని ఆయన బాధ.

ఇక్కడే అసలు తమాషా. తలుపులాయన పొద్దున వస్తాడు. గీతల మేస్త్రి మధ్యాహ్నం, ఆయన వెళ్లాడో లేదో సీటక్కని అడిగి మరీ వస్తాడు. పొద్దున ఈయన తలుపుని పైకెత్తుతాడు. మధ్యాహ్నం ఆయనొచ్చి, గీత కలవడం లేదని తలుపు మీద గీత గీకేసి కిందికి గీస్తాడు. మర్నాడు ఈయనొచ్చి, గీతని బట్టి చూస్తే తలుపు ఎక్కువ లేచిందని దించుతాడు. ఇప్పటికి తలుపు నాలుగుసార్లు లేచింది, గీత ఐదుసార్లు మారింది. ఒక్క మాట మాట్లాడుకుంటే అయిపోయేదానికి! నేను మధ్యలో చెబుదామంటే, అవతలి మనిషి ప్రస్తావన తెస్తే చాలు ఇద్దరూ మొహం తిప్పేసుకుంటారు.

సీటక్కని అడిగాను. ఒకే క్యారేజీలో అన్నం తినే స్నేహితులట. నువ్వా కార్డు రాశాక లైన్లో పెద్ద గొడవైందట. ఈయన గీత వంకరన్నాడు, ఆయన తలుపు వంకరన్నాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఇళ్లు మూడే ఇళ్ల దూరం. ఒకరు ఎదురొస్తుంటే ఇంకొకరు రోడ్డు దాటేస్తారట. పైకి నీదంటే నీది అనుకున్నారు. లోపల మాత్రం ఎవరికి వాళ్లు నాదేనని కుమిలిపోతున్నారు.

నాకు నీమీద నిజంగా కోపంగా ఉంది. ఏ భాగమో ఆ రోజే రాసి ఉంటే ఇద్దరిలో ఒకరైనా నిమ్మళంగా బతికేవారు. ఇప్పుడైనా చెప్పు. ఎవరిదైతే ఏం, చెప్పేయి.

కోపంగా ఉన్న,
మేనకోడలు


మార్చి 14

అమ్మాయ్,

వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం లేదన్న సంగతి నాకు తెలియదు. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఏ పనీ చేయలేకపోయాను. లిఫ్టు మళ్లీ తడబడుతోంది, దాని జోలికి పోలేదు.

ఆ లారీలో తప్పేమీ లేదు.

ఇంకోసారి రాస్తాను, నా చేతికి అలవాటు కావాలి. తప్పేమీ లేదు.

ఆ రోజు పొద్దున లారీ నా ముందుకొచ్చింది. మామూలుగా చూశాను. నా సుద్దముక్కకి పని దొరకలేదు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఒక్క ఇంటూ కూడా పడకుండా ఏ లారీ నన్ను దాటి పోలేదు. మళ్లీ చూశాను. మూడోసారి మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశాను. ఆఖరిదని తెలిసి ప్రాణం పెట్టి చేశారు. తలుపు మూస్తే కళ్లు మూసినంత మెత్తగా మూసుకుంది. గీత మీద వేలు పెట్టి చివరిదాకా నడిపాను, ఎక్కడా ఆగలేదు.

ఫ్యాక్టరీ నియమం ఏమిటంటే, లైన్లో ఉన్న లారీ పాసయ్యేదాకా లైను మూయకూడదు. నేను సంతకం పెడితే ఆ సాయంత్రమే కరెంటు తీసేస్తారు, మర్నాటి నుంచి ఎవరూ రారు. పెన్ను తీశాను. అందరూ నా వైపే చూస్తున్నారు. చెయ్యి కదల్లేదు. "సరిగా లేదు" అని రాసేశాను. ఏ భాగమో రాయడానికి మాత్రం మనసొప్పలేదు. ఎవరి పని మీదని అబద్ధం రాయను?

దాంతో ఫ్యాక్టరీ ఇంకో తొమ్మిది రోజులు నడిచింది. అందరూ తప్పు వెతుకుతుంటే మంచి పనే చేశాననుకున్నాను. ఎవరి పనిని వాళ్లు అనుమానించుకుంటారని నాకు తట్టనేలేదు. పదో రోజు యాజమాన్యం నియమాన్ని పక్కనపెట్టి తాళం వేసింది. రెండు వారాల్లో నేనూ ఊరు వదిలేశాను. నిజం చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. జీవితమంతా ఇతరుల తప్పులు చూపించినదాన్ని, నా తప్పు చెప్పుకోవడం నేర్చుకోలేదు.

నువ్వు వాళ్లకి చెప్పేయి. నాకు మొహం చెల్లదు. అద్దం బిగించావా?

అత్తయ్య


మార్చి 19

అత్తయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది, రెండోసారి నీమీద ఒళ్లు మండింది, మూడోసారి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను, నాలుగోసారి నువ్వు పెన్ను పట్టుకుని నిలబడ్డ చోటు చూద్దామని లైను దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నేనైనా అదే రాసి ఉండేదాన్నేమో.

ఒక మాట చెప్పనా? నువ్వా రోజు సంతకం పెట్టి ఉంటే ఈ లారీ కూడా అమ్ముడుపోయేది, తుక్కయ్యేది. నా మ్యూజియంలో నాలుగు ఫొటోలూ ఒక స్టీరింగూ ఉండేవి.

కానీ నేను చెప్పను. కార్డు రాసింది నువ్వు, చెప్పాల్సిందీ నువ్వే. నేను చెబితే తలుపులాయన మళ్లీ "మేడమ్ మనసు వెన్న" అంటాడు, ఆకురాయి తీస్తాడు. వాళ్లు నమ్మేది నీ నోటినే.

ఇంకో సంగతి చెబితే నువ్వు తట్టుకోలేవేమో. నిన్న కమిషనర్ వచ్చాడు. లారీ ఎక్కి చూస్తానన్నాడు. ఎడమ తలుపు తీస్తే పైబందు ఊడి తలుపు ఆయన చేతికొచ్చింది. సర్దుకుని సీట్లో కూర్చున్నాడు. స్ప్రింగుల్లేని సీటు కదా, ఆయన మెడదాకా దిగిపోయాడు. బయటికి కళ్లద్దాలు మాత్రమే కనిపించాయి. సీటక్కా నేనూ చెరో చెయ్యీ పట్టి లాగాం. దిగాక తడిగీత ఆయన చొక్కాకి అంటుకుని ఉంది. ఇంతా అయ్యాక గాజు పెట్టె దగ్గర ఆగి, కార్డు చదివి, "ఈవిడెవరో గానీ సరిగ్గా రాసింది" అన్నాడు.

అవును అత్తయ్యా. మీవాళ్లు బాగుచేసి బాగుచేసి లారీని పాడుచేసేశారు. ఇప్పుడు నీ కార్డులో ఉన్నది అక్షరాలా నిజం.

నీ,
మేనకోడలు


మార్చి 25

అమ్మాయ్,

బుద్ధుందా మీకందరికీ? మూడుసార్లు చూసినా, టార్చి వేసి చూసినా ఒక్క తప్పు దొరకని లారీ అది! నేను చూసినవాటిలో అలాంటిది అదొక్కటే! దాన్ని చేతులారా పాడుచేస్తారా? తలుపు ఊడిందా? నా జన్మలో ఏ లారీకీ తలుపు ఊడలేదు. లోపల బందు కింద పెట్టిన పలచటి రేకు ముక్క తీసేసి ఉంటాడు. తీశాడా లేదా అడుగు. అడగొద్దు, నేనే అడుగుతాను.

వచ్చే శుక్రవారం, మూడో తారీఖు పొద్దున బస్సుకి బయలుదేరుతున్నాను. మధ్యాహ్నానికి దిగుతాను. నేను వచ్చేదాకా ఎవరూ దేనిమీదా చెయ్యి వేయకూడదు. నాకు మంచి వెలుతురు, కూర్చోడానికి ఒక ముక్కాలిపీట, ఒక డబ్బా సుద్దముక్కలు కావాలి.

చెప్పాల్సింది కూడా చెబుతాను. నువ్వు నా పక్కన నిలబడాలి. అది మాత్రం మరిచిపోకు.

అత్తయ్య


ఏప్రిల్ 3

అత్తయ్యా,

ఈ ఉత్తరం బస్సు దిగగానే నీ చేతికివ్వమని మా ఆయనకిచ్చాను. కండక్టరు కదా, టిక్కెట్ల సంచీలో పెట్టుకొస్తాడు. తిట్టుకోకు.

నాకు గవదబిళ్లలు! గత నెల, ఇంకా తెరవకముందే, బడిపిల్లలు మ్యూజియం చూడ్డానికి వచ్చి వెళ్లారు. వాళ్లలో సగం మందికి వచ్చాయట. చరిత్ర పాఠం నేను చెబితే వాళ్లు నాకు ఇది ఇచ్చి వెళ్లారు. బుగ్గలు భుజాల దాకా వాచి ఉన్నాయి. డాక్టరు గదిలోంచి బయటికి రావద్దన్నాడు. నీకు చిన్నప్పుడు రాలేదని నాన్న చెప్పాడు, కాబట్టి నువ్వు మా గుమ్మం తొక్కడానికే వీల్లేదు. సీటక్క తన ఇంట్లో నీకు గది సర్దింది.

నీ పక్కన నిలబడతానని మాట ఇవ్వలేకపోతున్నందుకు ఏడుపొస్తోంది. ఏడిస్తే దవడలు నొప్పి. ముగ్గురినీ రేపు పొద్దున పదికి ఒకేసారి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. అవతలివాడు కూడా వస్తున్నాడని ఇద్దరికీ చెప్పలేదు. వెనక్కి బస్సెక్కేస్తానన్నావంటే మా ఆయన టిక్కెట్టు ఇవ్వడు.

మొహం కుండలా ఉన్న,
మేనకోడలు


ఏప్రిల్ 4

అమ్మాయ్,

ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నావా? మీ ఆయన మంచివాడు, కానీ చొక్కా రెండో గుండీ వదులుగా ఉంది.

అయింది. అంతా ఉన్నదున్నట్టు రాస్తాను.

పదింటికి ముందే వెళ్లాను. షెడ్డులో అడుగుపెట్టగానే ఆ రంగు వాసనకి కాళ్లు ఆగిపోయాయి. తలుపులాయన ఒక తలుపులోంచి వచ్చాడు, మేస్త్రి ఇంకో తలుపులోంచి. ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ వెనక్కి తిరిగారు. సీటక్క రెండు తలుపులకీ గడియ పెట్టేసింది. ఆవిడ చేతిలో ఇంత కత్తెర ఉంది, ఎవరూ ఏమీ అనలేదు.

నేను ముక్కాలిపీట మీద కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను. "ఆ లారీలో తప్పు లేదు. నేను అబద్ధం రాశాను" అన్నాను. నాకు నా మాట సరిగా వినపడదు కదా, అరిచానట. షెడ్డంతా మోగిందని సీటక్క తర్వాత చెప్పింది. ఎందుకు రాశానో కూడా చెప్పాను. చెప్పేసరికి చెమటతో తడిసి ముద్దయ్యాను.

తలుపులాయనకి కోపం వచ్చింది. అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. "ఇరవై రెండేళ్లు! మా ఇంట్లో తలుపు చప్పుడైనా నాకు ఇదే గుర్తొచ్చేది! మా అమ్మాయి కొత్తిల్లు కట్టుకుంటే తలుపులు వేరేవాడి చేత పెట్టించుకోమన్నాను, నా చేతిమీద నాకే నమ్మకం పోయి! తెలుసా మీకు?" అన్నాడు. తెలియదన్నాను. తప్పు నాదేనన్నాను. క్షమించమని కూడా అన్నాను అమ్మాయ్, ఆ మాట నా నోటి నుంచి ఎంత కష్టంగా వచ్చిందో నీకు తెలుసు.

ఆయన లారీ మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి తల ఎత్తి, "అంటే నాది బాగానే ఉందా?" అన్నాడు.

"బాగానే ఉంది."

"ఆ రోజు కూడా?"

"ఆ రోజు కూడా. నేను చూసిన తలుపులన్నిటిలోకీ అదే బాగా కుదిరింది" అన్నాను.

ఆయన మొహం చూడాల్సింది నువ్వు. మేస్త్రి వైపు తిరిగి, "విన్నావుగా? నాది బాగానే ఉందట" అన్నాడు.

"నాది కూడా" అన్నాడు మేస్త్రి. "మేడమ్ వేలు పెట్టి చూసింది. నేను పక్కనే ఉన్నాను."

"అయితే వంకరన్నావెందుకురా?"

"నువ్వు ముందన్నావు!"

ఇక మొదలైంది. ఇరవై రెండేళ్ల మాటలు ఒక్క గంటలో అయ్యాయి. నాకు సగం వినపడలేదు, ఆ సగం తిట్లేనట. ఆ తర్వాత ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగారు. సీటక్క కళ్లు తుడుచుకుంటూ, "నా స్ప్రింగు కూడా బాగానే ఉందా మేడమ్?" అని అడిగింది. ఆ స్ప్రింగు మార్చకపోవడం నేను ఆ రోజే చూశాను, మార్చాల్సిన అవసరమే లేదు. ఆ మాటే చెప్పాను. ఆవిడ నన్ను వాటేసుకుంది. నాకు ఊపిరాడలేదు.

టీ అయ్యాక, "అప్పుడు బాగుంది. ఇప్పుడెలా తగలేశారో చూద్దాం పదండి" అని లేచాను. పదిహేడు ఇంటూలు పెట్టాను. రేకు ముక్క తీసేశాడు, నేను చెప్పినట్టే. పదహారోదీ పదిహేడోదీ ఒకటేనని తలుపులాయన వాదించాడు. వినలేదు. రేపటి నుంచి రోజూ ఎనిమిదింటికల్లా రమ్మన్నాను.

సంతోషంగా ఉంది. ఇలా రాయడం నాకు అలవాటు లేదు, అయినా రాస్తున్నాను. చాలా సంతోషంగా ఉంది.

అత్తయ్య


ఏప్రిల్ 9

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి కేక పెట్టాను. దవడలు పట్టేశాయి. మా ఆయన గుండీ కుట్టేశాను.

ఇంకో మూడు రోజులే ఉన్నాయి. కమిషనర్ శిలాఫలకం చెక్కించేశాడట, నువ్వు సంతకం పెడతావన్న ధైర్యంతోనే. పన్నెండుకల్లా అవుతుందా? అవుతుందని చెప్పు. అద్దం సంగతి మరిచిపోయానని ఒప్పుకుంటున్నాను, అది పదిహేడింటిలో ఉందా?

గదిలో గోడలు లెక్కపెడుతున్న,
మేనకోడలు


ఏప్రిల్ 15

అమ్మాయ్,

అద్దమే మొదటి ఇంటూ.

పన్నెండో తారీఖున నేను సంతకం పెట్టలేదని నువ్వు అలిగావట. అల్లుడు చెప్పాడు. విను. పదహారు తప్పులు సరయ్యాయి, సీటక్క పాత స్ప్రింగులే మళ్లీ వేసి కుట్టింది. పదిహేడోది గీత. మేస్త్రి ముందురోజే కొత్తగా, ఊపిరి బిగబట్టి గీశాడు. చాలా బాగా వచ్చింది, కానీ ఆరలేదు. రోడ్డెక్కితే దుమ్ము అంటుకుంటుంది. కమిషనర్ పూలదండ పట్టుకుని, "ఇంత చిన్నదానికా? జనం ఎదురుచూస్తున్నారు, పెట్టేయండి" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే తలుపులాయన అడ్డం వచ్చి, "మేడమ్ కాలేదంటే కాలేదండీ" అన్నాడు. మేస్త్రి ఆయన పక్కన నిలబడ్డాడు. తిట్టినవాళ్లే నా తరఫున నిలబడ్డారు.

జనం ఏమీ నొచ్చుకోలేదు. సాయంత్రం దాకా మా చుట్టూ చేరి, ఎవరు ఏం చేసేవాళ్లో అడుగుతూనే ఉన్నారు. సీటక్క అయితే ఒక పెద్దావిడ చేత నాలుగు కుట్లు వేయించింది. నీ గాజు పెట్టెల వైపు ఎవరూ చూడలేదు, బాధపడకు.

నిన్న గీత ఆరింది. వేలితో చూశాను. కమిషనర్ లేడు, పూలదండ లేదు, మామూలు పనిరోజు. కార్డు బయటికి తీయించి, "సరిగా లేదు" ఉన్న చోటు అలాగే ఉంచి, కింద "సరిగా ఉంది" అని రాసి సంతకం పెట్టాను. ఈసారి చెయ్యి ఆగలేదు. డిపో మెకానిక్ తోలాడు. మేము నలుగురం ముందు సీట్లోనే ఇరుక్కుని మీ వీధిలోంచి వచ్చాం. కిటికీలో నువ్వు చేతులూపడం చూశాను. వాపు తగ్గింది, కుడివైపు ఇంకా కొంచెం ఉంది.

తిరిగొచ్చి లారీని షెడ్డులో పెట్టాక అందరం ఇళ్లకి వెళ్లాం. నాకు గుండెల్లో అదే పాత దిగులు. ఆ రోజు సంతకం పెడితే మర్నాడు ఎవరూ రారని భయపడే కదా ఇంత చేశాను. ఇప్పుడు పెట్టేశాను. ఇక పని లేదు. సంచీ సర్దుకుని కూర్చున్నాను.

ఇవాళ నేను లేచేసరికే సీటక్క ఇంట్లో లేదు. లారీని ఒక్కసారి చూసి, నువ్వు నాకు పంపిన తాళంచెవులు అల్లుడికిచ్చేసి బస్సెక్కుదామని మ్యూజియంకి వెళ్లాను. గేటు దగ్గర ముగ్గురూ నిలబడి ఉన్నారు. తలుపులాయన చేతిలో తోలు సంచీ, మేస్త్రి చేతిలో క్యారేజీ. ఏం పని మీద వచ్చారని అడిగాను. "ఎనిమిదింటికి రమ్మని మాకు చెప్పి మీరు తొమ్మిదింటికి వస్తారా మేడమ్?" అని సీటక్క కోప్పడింది. నేను సంచీ కింద పెట్టి గేటు తీశాను.

నాకు ఈ ఊళ్లో ఒక గది చూడు. లిఫ్టు లేనిది.

అత్తయ్య